పీణ్యలో చేసిన బ్రాకెట్

శ్రీనివాసప్పను మలేషియా దాకా రప్పించింది అరచేతిలో ఇమిడిపోయే ఒక అల్యూమినియం ముక్క.

ఆయనకు బెంగళూరు పీణ్యలో చిన్న వర్క్‌షాపు ఉంది. రెండు లేత్ మిషన్లు, ఒక మిల్లింగ్ మిషను, నలుగురు పనివాళ్ళు. ముప్ఫై ఏళ్ళుగా పంపుల కంపెనీలకూ ట్రాక్టర్ల కంపెనీలకూ విడిభాగాలు చేసి ఇస్తున్నాడు. తన చేతిపని ఏ యంత్రంలో తిరుగుతోందో ఏనాడూ కళ్ళతో చూసినవాడు కాదు. అలాంటిది, రెండు నెలల కిందట భార్య అన్న కొడుకు పునీత్ ఇంటికొచ్చి ఒక పని అడిగాడు. పునీత్ మోటార్‌సైకిల్ పందేల జట్టులో ఇంజనీరు. ఆ జట్టు బండి నడిపే శామ్సన్‌కు కిందటేడు చెన్నై ట్రాక్ మీద పడి కుడికాలి చీలమండ విరిగింది. ఎముక అతికింది గాని కాలు మునుపటంత వంగడం లేదు. పందెం బండికి వెనక బ్రేకు కుడిపాదం కింద ఉంటుంది. ఆ పెడల్‌ను అంగుళం కిందికి, కాస్త వెనక్కి జరిపితే తప్ప అతను గట్టిగా తొక్కలేడు. అలా జరిపి పట్టుకునే బ్రాకెట్ బజారులో దొరకదు.

"నువ్వే చేసియ్యాల మామా. ఇంకెవుర్నీ నమ్మలేను" అన్నాడు పునీత్.

శ్రీనివాసప్ప మూడు బ్రాకెట్లు చేశాడు. పగుళ్ళు కనిపెట్టడానికి వర్క్‌షాపులో ఒక పరీక్ష ఉంది. ముక్క మీద ఎర్రరంగు కొట్టి, కాసేపు ఆగి, శుభ్రంగా తుడిచి, పైన తెల్ల పొడి చల్లుతారు. కంటికి కనిపించని పగులు ఉంటే అందులో దూరిన రంగు పైకి వచ్చి ఎర్రటి గీతలా తేలుతుంది. మూడింటిలో ఒకదానికి, మలుపు తిరిగేచోట, వెంట్రుకంత గీత తేలింది. దాన్ని పక్కన పడేసి మంచివి రెండూ పునీత్‌కు ఇచ్చాడు. ఒకటి బండికి, ఒకటి స్పేరుకు.

"ఆసియా చాంపియన్‌షిప్ మామా. నీ చెయ్యి పని ట్రాక్ మీద పరిగెత్తేది చూద్దువు, రా" అని పునీత్ ఆ ముక్కలు చేతికందకముందే టికెట్టు తీశాడు. యాభై ఎనిమిదేళ్ళ వయసులో శ్రీనివాసప్ప మొదటిసారి విమానం ఎక్కాడు. శుక్రవారం జరిగిన అర్హత పరుగులో శామ్సన్‌కు ఆరో స్థానం వచ్చింది. ఆ జట్టుకు అంత ముందు వరుస ఎప్పుడూ దక్కలేదట.

శనివారం పందెం ఒంటిగంటకు. పదకొండుకల్లా శ్రీనివాసప్ప సెపాంగ్ సర్క్యూట్‌లో స్టాండు మీద తన సీటు వెతుక్కుని కూర్చున్నాడు. ఎండకు గాలి కూడా ఉడికినట్టుంది. కింద ఏదో చిన్న తరగతి పందెం జరుగుతోంది. బండ్లు ఎదురుగా దూసుకుపోయిన ప్రతిసారీ ఆ మోత చెవుల్లో కాదు, పక్కటెముకల్లో వినిపిస్తోంది. ఆయనకు భలే సంతోషంగా ఉంది. పొద్దున హోటలు బస్సులో కూడా పక్కవాళ్ళకు తన బ్రాకెట్ ఫోటో చూపించాడు.

పక్క సీట్లో శామ్సన్ తల్లి లీలావతి. ఒంగోలు వైపు నుంచి పాతికేళ్ళ కిందట బెంగళూరు వచ్చి, ఒక పెద్దాసుపత్రి క్యాజువాల్టీలో నర్సుగా చేస్తోంది. కాపురం మడివాళలో. కొడుకు పందెం చూడటానికి రావడం ఆమెకూ ఇదే మొదలు. ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు గట్టిగా పట్టుకుని, ట్రాక్ వైపు చూడకుండా ఎదురుగా ఉన్న గోడ వైపు చూస్తోంది. మెడలో రంగుపట్టీకి ఒక కార్డు వేలాడుతోంది. రైడర్ల కుటుంబాల వాళ్ళను గ్యారేజీల వైపు రానిచ్చే పాసు అది.

"లోపలికి పోలేదేమమ్మా? పాసుండాది కదా" అని అడిగాడు శ్రీనివాసప్ప.

"వద్దన్నాడు అన్నయ్యా. పందెం ముందు నా మొహం చూస్తే వాడికి క్యాజువాల్టీ గుర్తొస్తుందంట. రానని మాటిచ్చాను. ఫోను కూడా నాకే ఇచ్చేసి పోయాడు." ఆమె బ్యాగును ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "ఆదివారం రాత్రి డ్యూటీలో బండ్ల మీద పడ్డ పిల్లల్ని ఎంతమందిని చూస్తానో లెక్కుండదు. అయినా కడుపున పుట్టినవాడు ఇదే పని చేస్తానంటే ఏం చెయ్యను?"

పదకొండూ నలభైకి శ్రీనివాసప్ప ఫోను మోగింది. బెంగళూరులో అప్పుడు తొమ్మిదీ పది. వర్క్‌షాపు తెరిచే వేళ. చేసింది మునిరాజు. ఇరవై రెండేళ్ళుగా ఆయన దగ్గర పనిచేస్తున్న మిషను మేస్త్రీ.

"అన్నా, నెలాఖరు కదా, రిజెక్టు డబ్బాలో ముక్కలన్నీ కోసేస్తా ఉండా. ఆ బ్రాకెట్టు కూడా తీసినా. కోసే ముందర పగులు యాడొచ్చిండాదో చూద్దామని మళ్ళా రంగు కొట్టినా."

"ఊఁ."

"గీత రాలేదన్నా."

శ్రీనివాసప్ప రెండో చెవి వేలితో మూసుకున్నాడు. "సరిగ్గా తుడవలేదేమో."

"మూడు తూర్లు చేసినా. కొత్త స్ప్రే తెరిచి కూడా కొట్టినా. ఇది బాగుండే ముక్కన్నా. దీంట్లో ఏమీ లేదు." ఆ తర్వాతి మాట చెప్పడం మునిరాజుకు ఇష్టం లేనట్టుంది. "అంటే, పగిలింది మీకాడికి వచ్చిండాది."

ఫోను పెట్టేశాక శ్రీనివాసప్పకు ఆ రోజు కళ్ళ ముందుకు వచ్చింది. టేబులు మీద మూడు బ్రాకెట్లు. రెండు ఇటు, ఒకటి అటు. అప్పుడే విమానం టికెట్టు ఫోనులోకి వచ్చింది. పనివాళ్ళు చుట్టూ మూగారు. అందరికీ టీ తెప్పించాడు. టీ గ్లాసులకు చోటు కావాలని ఎవరో, కాదు, ఎవరో కాదు, తానే టేబులు మీది వస్తువులు పక్కకు జరిపాడు. తర్వాత కళ్ళద్దాలు కూడా పెట్టుకోకుండా రెండింటిని స్పిరిట్‌తో తుడిచి కాగితంలో చుట్టి పునీత్ కోసం ఉంచాడు. మూడోదాన్ని డబ్బాలో వేశాడు. మళ్ళీ చూడలేదు. ముప్ఫై ఏళ్ళలో ఏ పీసునూ మళ్ళీ చూడకుండా పంపినవాడు కాదు.

పునీత్‌కు ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. పందెం ముందు గ్యారేజీలో ఎవరూ ఫోను ముట్టుకోరని పునీత్ పొద్దునే చెప్పాడు.

అప్పుడు ఆయన మనసు ఒక పాడు ఆలోచన చేసింది. మునిరాజు తప్పు చేసి ఉండవచ్చు కదా. నూనె డబ్బా పట్టిన చేత్తోనే చేసి ఉంటాడు, జిడ్డు అడ్డుపడి రంగు లోపలికి దిగి ఉండదు. నిన్నంతా ఆ బ్రాకెట్ మీదే కదా శామ్సన్ పరిగెత్తింది, ఏమీ కాలేదు కదా. ఈరోజు పది ల్యాపులు. పది ల్యాపులు పట్టదా? ఇప్పుడు పోయి చెబితే పునీత్ పరువేం కావాలి? తన పేరేం కావాలి?

పక్కనుంచి ఎవరో చెయ్యి పట్టుకున్నారు. లీలావతి ఆయన మణికట్టు మీద వేళ్ళు పెట్టి నాడి చూస్తోంది.

"చెమటలు పట్టేశాయి మీకు. ఛాతీలో నొప్పిగా ఉందా? ఎడమ చెయ్యి లాగుతోందా?"

"నొప్పి కాదమ్మా."

"మరేంటి? దాచకండి."

ఆమె కళ్ళు తన మొహం మీదే ఉన్నాయి. ఆ కళ్ళలోకి చూస్తూ అబద్ధమాడటం శ్రీనివాసప్ప వల్ల కాలేదు. ఉన్నదంతా చెప్పాడు. టేబులు, టీ గ్లాసులు, మునిరాజు ఫోను. చెబుతున్నంతసేపూ ఆమె వేళ్ళు ఆయన మణికట్టు మీదే ఉన్నాయి. చెప్పడం అయ్యాక తీసేసింది.

"ఆ ముక్క విరిగితే ఏమవుతుంది?"

"బ్రేకు తొక్కినప్పుడు కాలికింద ఏమీ ఉండదు. పెడలు ఊడి చక్రంలో పడినా పడొచ్చు."

"ఎంత స్పీడులో?"

శ్రీనివాసప్ప ఎదురుగా ఉన్న నిటారు దారి చివర చూపించాడు. అక్కడ బండ్లు ఒక్కసారిగా తోకలు లేపి కుడివైపు తిరుగుతున్నాయి. "ఆడికొచ్చేసరికి రెండొందల యాభై ఉంటాదంట."

ఆమె పెదవులు కదిలాయి. ప్రార్థన చేసిందో, లెక్క వేసిందో తెలియదు. "పగిలినదే వాడి బండికి ఉందని ఖాయమా?"

"రెండు పంపినా. ఒగటి మంచిది, ఒగటి కాదు. ఏది యాడుండాదో దేవుడికే తెలుసు."

"పదండి" అంటూ ఆమె లేచింది.

స్టాండు మెట్లు దిగి, తిండి దుకాణాల మధ్య జనాన్ని తోసుకుంటూ, ట్రాక్ కింద నుంచి పోయే సొరంగం దాటి అవతలి గేటుకు చేరేసరికి పన్నెండూ అయిదు. లీలావతి ముందు నడుస్తోంది. స్ట్రెచర్ వెనక నడిచే అలవాటున్న మనిషి నడక అది, పరుగు కాదు గాని ఎవరూ అందుకోలేరు. గేటు దగ్గర తలకు గుడ్డ చుట్టుకున్న ఒక సెక్యూరిటీ ఆమె నిలబడి ఉంది. లీలావతి కార్డు చూసి తల ఊపింది. శ్రీనివాసప్ప టికెట్టు చూసి చెయ్యి అడ్డం పెట్టింది.

శ్రీనివాసప్ప తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాడు. బైకు, బ్రేకు, డేంజర్. ఆమె ఓపికగానే విన్నది. ఇలాంటి కథలు చెప్పి లోపలికి వెళ్ళి రైడర్లతో ఫోటోలు దిగేవాళ్ళను రోజంతా చూస్తూనే ఉంటుంది కాబోలు, చెయ్యి మాత్రం తియ్యలేదు.

"నేను వెళ్తాను" అంది లీలావతి. "కానీ బ్రాకెట్ ఎక్కడుంటుందో, ఏం చెప్పాలో నాకు తెలియదు. రాసివ్వండి. ఎమర్జెన్సీలో నోటిమాట పనికిరాదు."

హ్యాండ్‌బ్యాగులోంచి పెన్ను తీసిచ్చింది. శ్రీనివాసప్ప టికెట్టు వెనక రాశాడు. 'పునీత్, నేను ఇచ్చిన రెండు బ్రాకెట్లలో ఒకటి పగిలింది. తప్పు నాది. బండి వదలవద్దు. నేను గేటు దగ్గర ఉండాను.' చివర సంతకం కూడా పెట్టాడు.

ఆమె కాగితం తీసుకుంది గాని వెంటనే కదల్లేదు. "రానని మాటిచ్చాను వాడికి" అంది, తనలో తాను అనుకున్నట్టు. తర్వాత గేటు దాటి లారీల మధ్య కనిపించకుండా పోయింది.

ఆ తర్వాతి పావుగంట లాంటిది శ్రీనివాసప్ప జీవితంలో ముందెన్నడూ రాలేదు. గేటు కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. కమ్మీ ఎండకు కాలుతోందని చాలాసేపటి దాకా తెలియలేదు. ఆమె దారి తప్పిందేమో. పునీత్ కాగితం చూసి జేబులో పెట్టుకున్నాడేమో. పన్నెండూ పది. పన్నెండూ పదిహేను. లౌడ్‌స్పీకర్లో ఎవరో మలయ్ భాషలో గడగడా చదువుతున్నారు, మధ్యలో 'శామ్సన్' అన్న మాట ఒక్కటే తెలిసింది. సెక్యూరిటీ ఆమె ఒక నీళ్ళ సీసా తెచ్చి చేతికిచ్చింది. దాన్ని తెరవకుండానే పట్టుకుని లోపలి దారి వైపు చూస్తూ నిలబడ్డాడు.

పన్నెండూ ఇరవై రెండుకు పునీత్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో ఒక పాసు. దాన్ని శ్రీనివాసప్ప మెడలో వేసి, మాట్లాడకుండా చెయ్యి పట్టి లాక్కుపోయాడు. సగం దూరం పోయాక అన్నాడు.

"మామా, నీ టెస్టే తప్పయిండొచ్చు కదా? మునిరాజన్న చేసింది తప్పయిండొచ్చు."

"అయిండొచ్చు."

"పదమూడు నిమిషాల్లో గ్యారేజీల ముందర నుంచి ట్రాక్ మీదికి పోయే పిట్ దారి తెరుస్తారు. అయిదే నిమిషాలు తెరిచిపెట్టేది. ఆ లోపల బండి పోలేదంటే ఆరో ప్లేస్ పోతుంది. అందరూ పోయినాక పిట్ నుంచి ఆఖర్న బయలుదేరాల. తెలుసా నీకు?"

"ఇప్పుడు తెలిసింది."

గ్యారేజీలో చల్లగా ఉంది. పెట్రోలు వాసన, కాలిన రబ్బరు వాసన. బండి స్టాండు మీద నిలబెట్టి ఉంది. శామ్సన్ తోలు సూటు నడుం దాకా తొడుక్కుని ఒక కుర్చీలో కూర్చున్నాడు. వయసు ఇరవై నాలుగు ఉంటుంది. తల్లి తలుపు దగ్గర గోడకానుకుని నిలబడింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం లేదు. జట్టు మేనేజరు, పొడుగాటి తెల్లాయన, శ్రీనివాసప్పను ఒకే ప్రశ్న అడిగాడు. పునీత్ తెలుగులో చెప్పాడు. "పగిలింది బండికే ఉందని నువ్వు గట్టిగా చెప్పగలవా అంటున్నాడు."

శ్రీనివాసప్ప బండి వైపు చూశాడు. కుడివైపు, పెడల్ పైన, తన బ్రాకెట్ వెండిలా మెరుస్తోంది. ఎంత చక్కగా కుదిరిందో అనిపించింది, ఆ స్థితిలో కూడా.

"నాకు తెలీదు. తెలీదు కాబట్టే తియ్యమంటా ఉండా. ముందే తెలిసుంటే ఆ ముక్క పంపేవాణ్ణే కాదు."

పునీత్ ఆ మాటను ఇంగ్లీషులో చెప్పాడు. మేనేజరు శామ్సన్ వైపు తిరిగాడు. శామ్సన్ కుడికాలు కొంచెం లేపి చీలమండ తిప్పి చూసుకున్నాడు.

"తీసేయండి" అన్నాడు.

ఒక మెకానిక్ బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు. పునీత్ స్పేరు బ్రాకెట్ కవరు తెరుస్తుంటే శ్రీనివాసప్ప ఆపాడు. "అది పెట్టబాక. ముందర దానికీ రంగు కొట్టాల. రెండూ చూడాల." జట్టు పెట్టెలో పరీక్ష స్ప్రేలు ఉన్నాయి. కళ్ళద్దాలు పెట్టుకుని, స్పేరు ముక్కను తుడిచి ఎర్రరంగు కొట్టాడు. విప్పిన ముక్క చేతికి రాగానే దానికీ కొట్టాడు. రెండింటినీ గుడ్డ మీద పక్కపక్కన, జానెడు ఎడంగా ఉంచాడు. రంగు దిగడానికి కనీసం అయిదు నిమిషాలు ఆగాలి. బయట పక్క గ్యారేజీల్లో ఇంజన్లు ఒక్కొక్కటే లేస్తున్నాయి.

తుడిచాడు. తెల్ల పొడి చల్లాడు.

స్పేరు ముక్క మలుపు దగ్గర, ముందు ఏమీ లేదు. తర్వాత సూదిమొన మోపినంత చుక్క. ఆ చుక్క అటూ ఇటూ సాగి, గోరు పొడవున ఎర్రటి గీత అయింది. బండి నుంచి విప్పిన ముక్క తెల్లగానే ఉంది. ఇంకో రెండు నిమిషాలు చూశారు. తెల్లగానే ఉంది.

పునీత్ ఊపిరి వదిలాడు. "బండికున్నదే మంచిది మామా. విప్పకుండా ఉన్నా ఏమీ అయ్యుండేది కాదు."

"నిన్న బండి పడిపోయుంటే స్పేరు పెట్టేవాళ్ళు కదరా."

పునీత్ ఎర్రగీత తేలిన ముక్కను పక్కకు తోశాడు. మంచి బ్రాకెట్ మళ్ళీ బిగించడం మొదలైంది. బోల్టులు, బ్రేకు గొట్టం, అందులోంచి గాలి బుడగలు తియ్యడం. మధ్యలో బయట ఒక హారన్ మోగింది. బండ్లన్నీ ఒకదాని వెనక ఒకటి పిట్ దాటి వెళ్ళిపోయాయి. హారన్ మళ్ళీ మోగింది. దారి మూసేశారు. మెకానిక్ చేతులు అప్పటికి మూడో బోల్టు మీద ఉన్నాయి. మేనేజరు టోపీ తీసి, జుట్టు సవరించుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

లేవబోయే ముందు శామ్సన్ తల్లి వైపు చూశాడు. ఆమె దగ్గరికి వచ్చి సూటు జిప్పు మెడ దాకా లాగింది. "బాగా తొక్కు బ్రేకు" అంది. అంతే.

పందెం మొదలైనప్పుడు అందరి బండ్లూ మొదటి మలుపు తిరిగేదాకా శామ్సన్ పిట్ చివర ఎర్రలైటు ముందు ఆగి ఉన్నాడు. పచ్చలైటు వచ్చాక ఒంటరిగా బయలుదేరాడు. శ్రీనివాసప్ప, లీలావతి గ్యారేజీ వెనక టీవీ ముందు నిలబడ్డారు. నిటారు దారి చివర బండి బ్రేకు వేసే చోటు వచ్చిన ప్రతిసారీ శ్రీనివాసప్ప కుడిపాదం తనకు తెలియకుండానే నేలను తొక్కుతోంది. పరీక్ష చేసింది తన కళ్ళతోనే. అయినా నమ్మకం కుదరడం లేదు. తన కళ్ళ మీద నమ్మకం ఆ రోజుకు పోయింది. లీలావతి టీవీ చూడటం మానేసి ఆయన పాదాన్నే చూస్తోంది. అది నేలను తాకి మళ్ళీ లేచిందంటే కొడుకు మలుపు దాటాడన్నమాట.

శామ్సన్ పదకొండో స్థానంలో ముగించాడు. పది మందిని దాటి వచ్చాడు. అయినా పదకొండు పదకొండే. ఆరో స్థానం నుంచి బయలుదేరి ఉంటే ఎక్కడ ఉండేవాడో ఎవరికి తెలుసు. గ్యారేజీలో చప్పట్లు కొట్టారు గాని, ఆ చప్పట్లు తొందరగా ఆగిపోయాయి.

హెల్మెట్ తీశాక శామ్సన్ మొహం ఎర్రగా ఉడికిపోయి ఉంది. శ్రీనివాసప్ప ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు.

"తప్పు నాదేనప్పా. పనివాళ్ళది కాదు, పునీత్‌ది కాదు. నేనే చూసుకోలేదు."

శామ్సన్ గ్లవ్సులు మెల్లగా ఊడదీసుకున్నాడు. "అంకుల్, నాకు చాలా కోపంగా ఉంది. అబద్ధం చెప్పను. ఇవాళ మీతో మాట్లాడలేను."

"సరేనప్పా."

"రేపు రెండో రేసు ఉంది. బయలుదేరేది మళ్ళీ ఆరో స్థానం నుంచే. రేపు సాయంత్రం మాట్లాడదాం." రెండడుగులు వేసి ఆగాడు. "పెడల్ మాత్రం బాగా కుదిరింది. కాలు నొప్పి లేదు." అని లోపలికి వెళ్ళిపోయాడు.

కాసేపటికి మేనేజరు పునీత్‌ను పక్కకు పిలిచి మాట్లాడాడు. పునీత్ వచ్చి చెప్పాడు. ఇకమీదట ఏ ముక్క అయినా ఇక్కడ ఇంకోసారి పరీక్ష చేశాకే బండికి పెడతారు. వర్క్‌షాపుకు ఇంక పని ఇస్తారా లేదా అన్నది ఈ సీజన్ అయ్యాక ఆలోచిస్తారట. పునీత్ గొంతులో నిష్ఠూరం లేదు. అలాగని మునుపటి ఉత్సాహమూ లేదు. శ్రీనివాసప్ప తలూపాడు. ఇవ్వకపోయినా అడగనని మనసులో అనుకున్నాడు.

బయట చెట్టు నీడన ఒక బల్ల దగ్గర లీలావతి కూర్చుని ఉంది. పొద్దుట్నుంచీ ఇద్దరూ ఏమీ తినలేదు. రెండు పొట్లాల అన్నం తెచ్చి పెట్టింది, కొబ్బరిపాలతో వండినది, పక్కన వేయించిన చిన్న చేపలు. ఆయన చేప తినడని తెలిసి వాటిని తన పొట్లంలోకి తీసుకుంది.

"మీరు స్టాండులో చెప్పకుండా ఊరుకుని ఉంటే నాకు తెలిసేది కాదు కదా" అంది కొంతసేపటికి.

"తెలిసేది కాదు."

"ఊరుకుందామనుకున్నారా?"

శ్రీనివాసప్ప ముద్ద కలుపుతూ ఆగిపోయాడు. "అనుకున్నా. ఒక నిమిషం అనుకున్నా."

ఆమె ఆయన వైపు చూడలేదు. తన పొట్లంలోని చేప ముళ్ళు తీసి పక్కన పెట్టింది. "డ్యూటీలో నేనూ ఒకసారి ఇంజెక్షన్ తప్పు ఇచ్చాను. ఇరవై ఏళ్ళయింది. వెంటనే డాక్టరుకు చెప్పాను, ఏమీ కాలేదు. కానీ చెప్పే ముందు ఆ ఒక నిమిషం నాకింకా గుర్తే." కాగితంతో చేతులు తుడుచుకుంది. "తినండి, చల్లారిపోతోంది."

ఆకాశం ఎప్పుడు కమ్ముకుందో, పెద్ద పెద్ద చినుకులు మొదలయ్యాయి. ఇద్దరూ పొట్లాలు చేతపట్టుకుని గ్యారేజీ చూరు కిందికి నడిచారు.